లేడీస్ క్లాసు తలుపు

మా అపార్ట్‌మెంటు వాళ్ళ ఫోన్ గ్రూపులో మొన్న ఎవరో ఒక వీడియో పెట్టారు. పట్నం నడిబొడ్డున ఉన్న పాత టాకీసును కూలగొడుతున్నారు. పసుపు రంగు యంత్రం ఒకటి ముందు గోడను కొంచెం కొంచెంగా కొరికి కింద పడేస్తోంది. వీడియో కింద చాలామంది బాధపడ్డారు. ఒకాయన పాలరాతి మెట్లను తలచుకున్నాడు. ఇంకొకాయన మెట్ల దగ్గరి నిలువుటద్దంలో తల దువ్వుకున్న రోజుల్ని తలచుకున్నాడు. మొదటి ఆట టికెట్టు కోసం చొక్కా చింపుకున్న వాళ్ళు, అభిమాన నటుడి బొమ్మకు దండ వేయబోయి నిచ్చెన మీంచి పడ్డ వాళ్ళు, అందరూ తమ తమ కథలు రాసుకున్నారు.

నేను మియాపూర్‌లో ఎనిమిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఆ వీడియోను రెండుసార్లు చూశాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంతమంది ఇన్ని సంగతులు రాశారు గాని, ఆ టాకీసు పక్క సందులో ఉన్న తలుపు గురించి ఒక్కరూ రాయలేదు. ఎలా రాస్తారు? ఆ తలుపులోంచి వాళ్ళెవరూ లోపలికి పోలేదు. వాళ్ళ అమ్మలో నాయనమ్మలో పోయి ఉంటారు. వాళ్ళను కూర్చోబెట్టి అడిగిన వాళ్ళు లేరు. నా మట్టుకు నాకు ఆ టాకీసు అంటే ఆ తలుపే. దానికి కాపలా మా మేనత్త.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పట్లో టాకీసుల్లో ఆడవాళ్ళకు వేరే క్లాసు ఉండేది. మాది పెద్ద టాకీసు గనక మాకు వేరే సందు, సందులో వేరే టికెట్టు కిటికీ, దాని పక్కనే వేరే తలుపు ఉండేవి. లోపల హాలులో ఒక పక్కగా నడుమెత్తు గోడ కట్టి, గోడకు ఇవతల చెక్క కుర్చీలు వేశారు. నూటయాభై మంది దాకా పట్టేవాళ్ళు. కుర్చీలు చాలకపోతే నేల ఉండనే ఉంది. మగవాడి తోడు లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఒక ఆడమనిషి వచ్చి మూడు గంటలు కాళ్ళు చాపుకుని కూర్చోగలిగిన చోటు పట్నం మొత్తంలో ఎన్ని ఉండేవో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆ ఒక్కటే.

మేనత్త మా నాయినకు అక్క. ఇప్పుడు హైటెక్ సిటీ గాజు మేడలు నిలబడి ఉన్న చోటే మా ఊరు ఉండేది. ఊరి చుట్టూ ఏనుగుల్లాంటి రాతి గుండ్లు, వాటి మధ్య తాటిచెట్లు, బర్రెలు. అత్తకు పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయాడు. పుట్టింటికి వచ్చి ఒక మూల పడి ఉంటుందని అందరూ అనుకుంటే, ఆమె పాల క్యాన్లు వేసుకుపోయే బస్సెక్కి పట్నం పోయి టాకీసులో పనికి కుదిరింది. ఊళ్ళో అది పెద్ద అప్రతిష్ఠ. టాకీసులో పని అంటే తెర మీద ఆడి పాడటమే అనుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. మా నాయనమ్మ కూతురి పేరు ఎత్తేది కాదు. కాని అత్త పండక్కి పంపిన చీర మాత్రం కట్టుకునేది.

నేను ఏడో తరగతి ముగించిన ఎండాకాలం అది. మా ఊళ్ళో బడి ఏడు వరకే. ఆపైన చదవాలంటే దూరం పోవాలి. ఇక చదువు చాలు, వానలు పడ్డాక బర్రెల వెంట పోవాలని నాయిన తేల్చేశాడు. ఆ మధ్యలో అత్త తోడు కోసం నన్ను రెండు నెలలు పంపమని కబురు చేసింది. పని మొదలయ్యే ముందు పిల్ల నాలుగు రోజులు పట్నం చూస్తుందిలే అని అమ్మ ఒప్పించింది. బుట్టెడు తాటిముంజలతో నన్ను బస్సెక్కించారు.

అత్త కిరాయికి ఉన్న గది టాకీసు వెనక గల్లీలోనే. ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక మంచం, గోడకు ఒక అద్దం. పొద్దున్నే ఇరానీ హోటలు నుంచి మరిగిన చాయ్ వాసన వచ్చేది. పక్కింటి ముసలామె ఉర్దూలో తిడుతూ మేకను తోలేది. పది గంటలకల్లా అత్త వంట ముగించి, తల బిగించి దువ్వుకుని, ఖాకీ రంగు చీర కట్టుకునేది. టాకీసు వాళ్ళు ఇచ్చిన చీర అది. అది కట్టుకుంటే అత్త నడక మారిపోయేది. సందులో తలుపు తాళం తీసి, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి, స్టూలు వేసుకుని కూర్చుంటే ఇక ఆ సందు ఆమెదే.

మొదటి రోజు లోపలికి అడుగు పెట్టగానే నన్ను ఆపేసింది వాసన. ఎండాకాలం గనక కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లుతుండేవాళ్ళు. బయట నిప్పుల ఎండ. లోపల చీకటి, చల్లటి గాలి, తడిసిన వేళ్ళ వాసన. అందులో మల్లెపూలు, కొబ్బరినూనె, చంటిపిల్లల ఉచ్చ, బీడీలు చుట్టి వచ్చిన ఆడవాళ్ళ చేతుల మీది ఆకు వాసన కలిసిపోయేవి. ఇప్పుడు పెద్ద దుకాణాల్లో వట్టివేరు అత్తరు అని చిన్న సీసాలు అమ్ముతున్నారు. వాసన చూశాను. అది కాదు.

మధ్యాహ్నం ఆటకు రకరకాల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఇటుకలు మోసే వాళ్ళు, బీడీలు చుట్టే వాళ్ళు, బురఖాల్లో వచ్చి లోపలికి రాగానే ముసుగు తీసి గట్టిగా ఊపిరి పీల్చుకునే వాళ్ళు, అత్తగారికి గుడికి పోతున్నానని చెప్పి వచ్చే కోడళ్ళు. ఆ కోడళ్ళకు మేనత్త తిరిగి పోయేటప్పుడు నుదుట కాస్త కుంకుమ పెట్టి పంపేది. అందుకోసం స్టూలు కింద ఒక భరిణె ఉండేది. ఎవరో ఒకరు ఉడకబెట్టిన గుడాలు తెచ్చేవాళ్ళు, ఎవరో సర్వపిండి తుంచి పంచేవాళ్ళు. నా చిన్నతనంలో నేను తిన్న సర్వపిండిలో సగం ఎవరు చేసిందో నాకు తెలియదు.

ఒక ముసలామె మాత్రం ప్రతి శుక్రవారం వచ్చి టికెట్టు కొనేముందు అత్తను ఒకటే అడిగేది. ఈ సినిమాలో తల్లి చస్తదా అని. చచ్చేటట్టయితే చూడనని ఆమె పంతం. అత్త ప్రతిసారీ చావదనే చెప్పేది. ఆ రోజుల్లో చాలా సినిమాల్లో తల్లి చచ్చేది. ముసలామె ఏడ్చి ఏడ్చి బయటికి వచ్చి అత్తను నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ శుక్రవారం వచ్చి మళ్ళీ అదే అడిగేది. ఒకసారి అత్త లేనప్పుడు నేను నిజం చెప్పేశాను. అంతటితో ఆగకుండా వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ విలన్ ఎవరో, చివర్లో ఎవరు ఎవరిని పెళ్ళాడతారో మొత్తం కథ చెప్పాను. ఏడెనిమిది మంది ఇక టికెట్టు దండగ అని మళ్ళిపోయారు. అత్త నా చెవి మెలిపెట్టిన మెలికకు రెండు రోజులు ఎర్రగా ఉంది.

అట్లా నెల గడిచింది. అప్పుడు ఒక పెద్ద సినిమా వస్తోందని టాకీసుకు కొత్త రంగులు వేయడం మొదలుపెట్టారు. విడుదలకు రెండు రోజుల ముందు మేనేజరు అత్తను పిలిపించాడు. నేనూ వెంట పోయాను. లేడీస్ క్లాసు తీసేస్తున్నామని, ఆ కుర్చీలు మగవాళ్ళకు ఎక్కువ రేటుకు అమ్మేశామని, సందు తలుపు మూసి తాళంచెవి ఆఫీసులో ఇవ్వమని చెప్పాడు. అత్తకు ఊడ్చే పని ఇస్తానన్నాడు. ఆడవాళ్ళ సంగతి ఏమిటని అత్త అడిగింది.

"ఆడోళ్ళు వాళ్ళ మొగోళ్ళతోని ముందు గేటు నుంచి వస్తరు. బాల్కనీల ఫ్యామిలీ సీట్లు ఉన్నయ్ గద" అన్నాడు మేనేజరు.

"మొగోడు లేనోళ్ళు ఏ గేటు నుంచి రావాలె సారూ?"

ఆయన తలెత్తి చూశాడు. ఆ ప్రశ్న తనకు తట్టనే లేదని మొహంలో తెలిసిపోయింది. తాళంచెవి సంగతి మళ్ళీ అడిగాడు. అది ఇంట్లో ఉందని, శుక్రవారం తెచ్చి ఇస్తానని అత్త చెప్పింది. తాళంచెవి ఆమె రవికలోనే ఉంది. నాకు తెలుసు.

ఆ రెండు రోజులు అత్త చేసిందల్లా గల్లీ గల్లీ తిరగడమే. నన్ను వెంటబెట్టుకుని బీడీల ఇళ్ళకు, ఇటుకల పని జరిగే చోటికి, నీళ్ళు పట్టే బోరింగుల దగ్గరికి పోయింది. గొడవ చేద్దామని ఎవరితోనూ అనలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆటకు రమ్మని, ఎప్పటిలాగే రమ్మని మాత్రం చెప్పింది. కిటికీ మూసి ఉన్నా తిరిగి పోవద్దంది.

శుక్రవారం సందు నిండిపోయింది. ముందు వాకిట్లో బ్యాండు మేళం, ఈలలు. మా సందులో కిటికీ మూసి ఉంది. అత్త ఖాకీ చీర కట్టుకుని వచ్చి, తలుపు తాళం తీసి, రెండు రెక్కలూ తెరిచి పక్కకు జరిగి నిలబడింది. ఆడవాళ్ళు లోపలికి పోయి ఎప్పటి కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీలు దొరకని వాళ్ళు నేల మీద కూర్చున్నారు. అందరూ వచ్చాక అత్త లోపలికి వచ్చి తలుపుకు లోపలి నుంచి తాళం వేసింది. నడుమెత్తు గోడలో ఉన్న చిన్న గేటుకు కూడా గొళ్ళెం పెట్టింది. తాళంచెవి నా చేతికిచ్చి, దీని మీద కూర్చో, ఏమైనా లేవకు అంది. నేను నేల మీద దాన్ని పెట్టి, పావడా సర్ది, దాని మీద కూర్చున్నాను.

కాసేపటికి ఆ సీట్లకు టికెట్లు కొన్న మగవాళ్ళు వచ్చారు. గోడకు అవతల నిలబడి మా వంక చూశారు. నడుమెత్తు గోడే అయినా ఆడవాళ్ళ మధ్యకు దూకడానికి ఎవరూ తెగించలేదు. మేనేజరు పరుగున వచ్చాడు. అందరినీ లేవమన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన అరిచాడు. ఒకామె బిడ్డకు పాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన మొహం తిప్పుకుని అరవాల్సి వచ్చింది. చివరికి ఫ్యాన్లు ఆపించాడు. తడకల మీద నీళ్ళు చల్లే వాళ్ళను ఆపించాడు.

పావుగంటలో హాలు కుంపటి అయింది. వట్టివేళ్ళు ఎండిపోయి దుమ్ము వాసన వేశాయి. పిల్లలు ఏడ్చారు. నా వీపు మీద చెమట కారుతోంది. తాళంచెవి తొడలో దిగబడుతోంది. మేనేజరు గోడ మీంచి వంగి నన్నే చూసి, తాళంచెవి ఎక్కడుందో నీకు తెలుసు కదా, చెప్పు, నీకు సోడా ఇప్పిస్తాను అన్నాడు. నాకు గొంతు ఎండిపోయి ఉంది.

"నాకెర్కలే" అన్నాను.

పెద్దవాళ్ళతో నేను అబద్ధాలు అంతకు ముందు చాలా చెప్పాను. ఒకరి కళ్ళలోకి చూస్తూ చెప్పడం అదే మొదలు.

అవతల మగవాళ్ళు కూడా ఉక్కతో అల్లాడిపోతున్నారు. వాళ్ళు మొదట మమ్మల్ని తిట్టారు. ఒకతను గోడ దగ్గరికి వచ్చి చూస్తే లోపల వాళ్ళ అమ్మే కూర్చుని ఉంది. ఇంటికి పొమ్మని బతిమాలాడు. ఆమె కొంగుతో విసురుకుంటూ, నువ్వు పోయి నీ జాగల కూసో అంది. చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో ఏదో మారింది. కాసేపటికి మగవాళ్ళు మమ్మల్ని వదిలేసి, సినిమా వేయమని మేనేజరును తిట్టడం మొదలుపెట్టారు.

ఒక పోలీసాయన వచ్చాడు. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకుని, ఎవరు పెద్ద ఇక్కడ అని అడిగాడు. ఎవరూ పలకకముందే ముందు వరసలోని ముసలామె ఆయన్ను దగ్గరికి పిలిచి, నాయనా, ఈ సినిమాలో తల్లి చస్తదా అని అడిగింది. ఆయనకు తెలియదు. తెలియదనే చెప్పాడు. తెలుసుకుని రమ్మంది.

చివరికి టాకీసు యజమాని వచ్చాడు. అందరూ సేటు అనేవాళ్ళు. తెల్లటి షేర్వాణీ, చేతికర్ర. ఆయన్ను అంత దగ్గరగా నేను చూడటం అదే. నెమ్మదిగా నడిచి వచ్చి గోడ దగ్గర ఆగి అత్తను పేరు పెట్టి పిలిచాడు.

"ఇన్నేండ్లు నీకు అన్నం పెట్టింది ఈ టాకీసే గదమ్మా. గిట్ల చేస్తవా?"

అత్త లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది గాని తల దించలేదు.

"అవు సేటు. గా అన్నం గీళ్ళు కొన్న టికెట్లకెల్లే వచ్చింది. ఉత్తగ కూసుంటమని ఎవ్వలు అంటలేరు. కిటికీ తెర్వుండ్రి, టికెట్లు కొంటం. లేకుంటే గిట్లనే కూసుంటం."

అవతల ఈలలు, కుర్చీలు విరిచేస్తామనే అరుపులు. ఆయన మేనేజరు వైపు తిరిగి ఏదో ఉర్దూలో అన్నాడు. ఫ్యాన్లు తిరిగాయి. సందులో కిటికీ తెరిచారు. సీట్లు పోయిన మగవాళ్ళకు తర్వాతి ఆటకు టికెట్లు ఇచ్చారు. అత్త నన్ను లేపి తాళం తీసింది. ఆడవాళ్ళు పది పది మందిగా బయటికి పోయి టికెట్టు కొనుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్నారు. అందరూ కూర్చున్నాకే సినిమా వేశారు. ఆ సినిమా కథ నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. తెర మీద వెలుగు పడగానే నూటయాభై మంది ఆడవాళ్ళు ఒక్కసారి వేసిన ఈల మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఈల వేయడం అంతమందికి వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

నాయిన మృగశిర కార్తెకు ముందే వచ్చేశాడు. కబురు ఊరికి చేరింది. పోలీసు వచ్చిన మాట ఒకటే చేరింది, మిగతాది చేరలేదు. గదిలోకి రాకుండా గడప దగ్గరే నిలబడి, నన్ను మూట కట్టుకోమన్నాడు. ఊళ్ళో తల ఎత్తుకోలేకపోతున్నానని అక్క మీద విరుచుకుపడ్డాడు. అత్త ఆయనకు చెంబుతో నీళ్ళు అందించి, తాగేదాకా ఆగింది.

"తల ఎత్తుకోవుడు అంత కష్టమైతే దించుకొనే ఉండు తమ్మి. పోరి మాత్రం ఈడనే ఉంటది. బడిల చేర్పిస్త."

నాయిన నా వైపు చూశాడు. నేను ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నేను రాను అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాకు ప్రాణం విలవిలలాడింది. అయినా మాట మార్చలేదు. తువ్వాలు భుజాన వేసుకుని గల్లీ చివరికి ఒక్కడే పోతున్న ఆయన వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ మాట మార్చుకోవాలని మాత్రం ఒక్కనాడూ అనిపించలేదు. ఆ చదువుతోనే నర్సునయ్యాను. ముప్పై ఏళ్ళ పైన దవాఖానలో పనిచేశాను. చివరి రోజుల్లో నాయిన మందులు నా చేతి నుంచి తప్ప ఎవరి చేతి నుంచీ వేసుకునేవాడు కాదు.

గెలిచామని నేను గొప్పలు చెప్పుకోను. వానలు మొదలయ్యేలోగానే అత్తను పనిలోంచి తీసేశారు. కారణం చెప్పలేదు. తలుపు దగ్గరికి వేరే ఆమె వచ్చింది. అత్త ఖాకీ చీర ఉతికి, మడిచి ఇచ్చేసి, ఆ సందులోనే తలుపుకు ఎదురుగా బండి పెట్టి మిర్చి బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. మేనేజరు లేపించాలని రెండుసార్లు చూశాడు. అత్త లేవలేదు. కొత్తగా వచ్చిన ఆమె అత్తను టికెట్టు లేకుండా లోపలికి పంపేది. లేడీస్ క్లాసు ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. ఊరూరా అలాంటి క్లాసులు ఎత్తేసిన కాలానికి గాని మాది పోలేదు.

అత్త చివరి ఏళ్ళు మియాపూర్‌లో నా దగ్గరే గడిపింది. టాకీసు మూతపడిందని నేనే చెప్పాను. బాధపడుతుందేమోనని మెల్లగా చెప్పాను. మూస్తే మూసిండ్రు, మనం చూడాల్సినవన్నీ చూసినం గద, అని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. ఇప్పుడు ఆ గోడలు కూలుతుంటే కళ్ళు ఒత్తుకుంటున్న వాళ్ళను చూస్తే నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. వాళ్ళకు పోయింది ఒక భవనం. మాకు అక్కడ కావలసింది మేం కూర్చుని తీసుకున్నాం. దాన్ని వెనక్కి ఇవ్వమని ఏ యంత్రమూ అడగలేదు.

అత్తకు ఎనభై దగ్గర పడినప్పుడు ఒకసారి హైటెక్ సిటీలో ఒక పెద్ద మాల్‌లో సినిమాకు తీసుకుపోయాను. మిట్టమధ్యాహ్నం ఆట. లిఫ్టులు, కదిలే మెట్లు, అద్దంలా మెరిసే నేల. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి అత్త సంచి తెరిచి చూసింది. అందులో స్టీలు డబ్బాలో ఉప్పూ కారం చల్లిన పచ్చి మామిడి ముక్కలు ఉన్నాయి. బయటి తిండి లోపలికి రానివ్వరని, డబ్బా ఇక్కడ పెట్టి పొమ్మని మర్యాదగానే చెప్పింది. అత్త గేటు పక్కనే నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని డబ్బా మూత తీసింది. లోపలికి తీసుకుపోనియ్యకపోతే ఇక్కడే తింటామంది. నన్నూ కూర్చోమంది. నేను సిగ్గుపడుతూ కూర్చున్నాను.

మెడలో బిళ్ళ వేసుకున్న కుర్రవాడు ఒకడు, అక్కడి మేనేజరట, గబగబా వచ్చి, ఇక్కడ కూర్చోకూడదు బామ్మగారూ, లేవండి అన్నాడు.

"ఏడ కూసోవాలెనో నాకు చెప్తవా బిడ్డా? గీడ గుండ్లు ఉండేటియి. గా గుండ్ల మీద కూసొని బర్రెలు కాసిన. ఇది మా ఊరే. మీరే కొత్తగ వచ్చిండ్రు."

అత్త డబ్బా ముందుకు జరిపింది. అతను అటూ ఇటూ చూసి, వంగి, ఒక ముక్క తీసుకున్నాడు. సెక్యూరిటీ అమ్మాయి రెండు తీసుకుంది. లోపల సినిమా మొదలైన చప్పుడు వినిపిస్తోంది. నేను తొందర పెట్టాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా అత్త లేవలేదు.